స్కూటరుకు బీమా ఉన్నది, దొంగతనానికి ఉన్నదా?



ఇంటి ముందున్న స్కూటరుకు బీమా ఉన్నదా అని ఎవరైనా అడిగితే, "ఉన్నది, కొన్ననాడే ఐదేళ్ళకూ కట్టేశాము" అని మీరు ధైర్యంగా చెప్పవచ్చును. 2018 సెప్టెంబరు తరువాత కొత్త ద్విచక్ర వాహనం కొన్న ఋణగ్రహీతల నోట తరచుగా వినవచ్చే సమాధానం ఇది. ఇందులో అబద్ధం లేదు. కాని ఆ ఐదేళ్ళ బీమా మీ స్కూటరు కోసం చేసినది కాదు. మీ స్కూటరు తగిలి గాయపడే ఎదుటివారి కోసం చేసినది. రాత్రికి రాత్రి స్కూటరు మాయమైతే ఆ బీమా నుండి మీకు ఒక్క రూపాయి కూడా రాదు. మాట కటువుగా ఉన్నా ముందే చెప్పడం మంచిది. పోయిన బండికి నెలనెలా వాయిదాలు కడుతూ ఈ సంగతి తెలుసుకోవడం ఎవరికీ రాకూడదు.

ఈ అపోహ ఎట్లా ఏర్పడినదో చూద్దాము. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 146వ సెక్షను ప్రకారం బహిరంగ స్థలాలలో నడిచే ప్రతి మోటారు వాహనానికీ మూడవ పక్షపు బీమా, అంటే మనం వాడుకలో థర్డ్ పార్టీ అంటున్న బీమా, తప్పనిసరి. కాని మొదటి సంవత్సరం గడిచిన తరువాత దానిని పునరుద్ధరించుకోని ద్విచక్ర వాహనదారులు ఎక్కువగా ఉండడం వలన ప్రమాద బాధితులకు పరిహారం రాబట్టడం కష్టమయ్యేది. అందుచేత 2018 జూలైలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాన్ని అనుసరించి, ఆ సంవత్సరం సెప్టెంబరు 1 నుండి కొత్త ద్విచక్ర వాహనం కొనేవారు ఐదేళ్ళ థర్డ్ పార్టీ బీమాను ఒకేసారి తీసుకోవలసి వచ్చినది. బాధితుల పక్షాన చూస్తే అది ఎంతో మేలైన ఆదేశం.

చిక్కంతా రెండవ భాగంతోనే. దొంగతనం, అగ్ని ప్రమాదం, వరద, బండికి జరిగే నష్టం ఇవన్నీ స్వంత నష్టపు బీమా కిందికి వస్తాయి. కంపెనీలవారు దీనినే ఓన్ డ్యామేజి అంటారు. చట్టం దీనిని తప్పనిసరి చేయలేదు. రెండు భాగాలనూ ఐదేళ్ళకు కలిపి అమ్మే పద్ధతి కొంతకాలం నడచి, 2020 ఆగస్టు 1 నుండి ఉపసంహరింపబడినది. ఆ తరువాత షోరూములలో సాధారణంగా కనిపిస్తున్నది "ఒకటి-ఐదు" పద్ధతి: ఎదుటివారికి ఐదేళ్ళు, మీ బండికి ఒక్క ఏడాది. రెండూ ఒకే కాగితం మీద, ఒకే పాలసీ నంబరుతో అచ్చవుతాయి. బీమా కాలం అన్నచోట రెండు తేదీలు ఉంటాయి. మనవాళ్ళ కన్ను సహజంగా పెద్ద తేదీ మీదనే పడుతుంది. పోలీసు తనిఖీలో చూపినా, రవాణా శాఖ కార్యాలయంలో చూపినా ఆ పెద్ద తేదీయే చెల్లుబాటవుతుంది కాబట్టి చిన్న తేదీ ఏనాడు దాటిపోయినదో గుర్తుచేసేవారు ఉండరు.

దీని ఫలితం ఏమిటో ఒక లెక్కతో చూపుతాను. షోరూము ధర 80 వేల రూపాయలున్న స్కూటరును మీరు 70 వేల ఋణంతో, మూడేళ్ళ వాయిదాలపై కొన్నారనుకుందాము. వడ్డీ 11 శాతం అనుకుంటే నెలవాయిదా సుమారు 2,300 రూపాయలు. పదునాలుగు వాయిదాలు క్రమం తప్పక కట్టిన తరువాత కూడా అసలు సుమారు 45 వేలు మిగిలి ఉంటుంది. సరిగా ఆ సమయంలో సంతలో బండి పోయినది. స్వంత నష్టపు బీమా పన్నెండవ నెలతోనే ముగిసినది. ఇక బండి లేదు, బీమా సొమ్ము లేదు, 45 వేల అప్పు మాత్రం ఉన్నది. హైపాథికేషన్ అనేది బండి మీద బ్యాంకుకున్న హక్కే తప్ప, బండి పోతే అప్పు రద్దవుతుందన్న మాట కాదు. ఈ తేడా తెలియక "బండే లేనప్పుడు అప్పేమిటి?" అని శాఖకు వచ్చి వాదించే వారి మీద కోపం తెచ్చుకోవడం తగదు. వారికి ఆ తేడా ఋణపత్రాల మీద సంతకం చేసే రోజుననే చెప్పి ఉండవలసినది.

అదే స్కూటరుకు రెండవ ఏడాది కూడా ఆ బీమా ఉన్నదనుకోండి. బండి విలువను లెక్కకట్టడానికి 2002 నాటి మోటారు టారిఫ్ ఒక పట్టికను స్థిరపరచినది. దీనిని ఐ.డి.వి. అంటారు, బీమాదారు ప్రకటించిన విలువ అని అర్థం. ఆరు నెలల లోపు బండికి షోరూము ధరలో 5 శాతం, ఏడాది లోపు 15, రెండేళ్ళ లోపు 20, మూడేళ్ళ లోపు 30, నాలుగేళ్ళ లోపు 40, ఐదేళ్ళ లోపు 50 శాతం తరుగుదల తీసివేస్తారు. ఐదేళ్ళు దాటిన బండికి కంపెనీ, యజమాని కలిసి విలువ నిర్ణయించుకుంటారు. మన ఉదాహరణలో రెండవ ఏడాది విలువ 64 వేలు. బండి పోతే కంపెనీ ఇచ్చే సొమ్ములో ముందు బ్యాంకు బాకీ 45 వేలు తీరుతుంది. పాలసీలో వ్రాసిన చిన్న తగ్గింపు పోగా, మిగిలిన సుమారు 19 వేలు మీ చేతికి వస్తాయి. మరో బండికి మార్జిన్ సొమ్ము అదే అవుతుంది.

దీనికి అయ్యే ఖర్చు ఎంత? ఆ టారిఫ్‌లోనే 150 సి.సి. లోపు, ఐదేళ్ళ లోపు ద్విచక్ర వాహనానికి మహానగరాలు కాని ప్రాంతాలలో స్వంత నష్టపు రేటు విలువపై 1.676 శాతం. 64 వేలకు అది 1,073 రూపాయలు. మొదటి ఏడాది క్లెయిము లేకపోతే 20 శాతం బోనసు తీసివేయగా సుమారు 858 రూపాయలు. పన్ను కలుపుకొన్నా వెయ్యికి అటూఇటూ, అంటే రోజుకు మూడు రూపాయల లోపు. దీపావళి సామానుకు మనం పెట్టే ఖర్చు కన్న ఇది ఎక్కువ కాదు.

ఇది పాత రేటుపై వేసిన లెక్క మాత్రమే అని గమనించండి. 2007 జనవరి 1 నుండి స్వంత నష్టపు ప్రీమియాన్ని కంపెనీలే నిర్ణయించుకునే స్వేచ్ఛ వచ్చినది. చౌక బీమా వెదికేవారికి అన్నిటికన్న ముఖ్యమైన విషయం ఇదే. థర్డ్ పార్టీ ప్రీమియం ప్రభుత్వం ప్రకటించినది. ఏ కంపెనీ వద్దనైనా ఒకటే. 75 నుండి 150 సి.సి. వరకు గల బండికి 2022 జూన్ 1 నుండి ఏడాదికి 714 రూపాయలు, కొత్త బండికి ఐదేళ్ళకు 3,851 రూపాయలు, పన్ను అదనం. దీనిమీద బేరం లేదు. బేరమంతా స్వంత నష్టపు భాగం మీదనే. ఒకే బండికి, ఒకే విలువకు రెండు కంపెనీలు చెప్పే ధరలు ఒకటిగా ఉండనక్కరలేదు. కావున ప్రభుత్వ రంగంలోని నాలుగు సాధారణ బీమా కంపెనీలలో కనీసం ఒకదానిని, ప్రైవేటు కంపెనీలలో ఒకటి రెండింటిని అడిగి చూడండి. థర్డ్ పార్టీ ఒక కంపెనీ వద్ద ఉన్నా, స్వంత నష్టపు బీమాను విడిగా మరొక కంపెనీ వద్ద తీసుకొనే వీలు 2019 సెప్టెంబరు 1 నుండి ఉన్నది. ఈ వీలును గ్రామీణ ప్రాంతాలలో ఎందరు వాడుకుంటున్నారన్నది నా సందేహం.

అడిగేటప్పుడు ఒక జాగ్రత్త. ప్రీమియం తక్కువ చేస్తామంటూ కొందరు బండి విలువను తగ్గించి వ్రాస్తారు. 64 వేల బండిని 45 వేలకు వ్రాస్తే ప్రీమియం మూడు వందలు తగ్గవచ్చును; పోయిననాడు 19 వేలు తగ్గుతాయి. దొంగతనం కోసమే బీమా చేసేవారికి ఇంతకన్న చెడ్డ బేరం లేదు. ధరలను పోల్చేటప్పుడు ముందు విలువ ఒకటేనా అని చూచి, ఆ తరువాతనే ప్రీమియం చూడవలెను.

తగ్గించుకోదగిన ఖర్చులు వేరే ఉన్నాయి. తరుగుదల లేని బీమా అని జతచేసే అదనపు అంశం విడిభాగాల మరమ్మతులో పనికివస్తుందే తప్ప బండి మొత్తం పోయినప్పుడు వచ్చే సొమ్మును పెంచదు. అదే రిటర్న్ టు ఇన్వాయిస్ అనే అంశమైతే కొన్న బిల్లు విలువకూ తరిగిన విలువకూ మధ్యగల తేడాను భర్తీ చేస్తుంది. అప్పు ఎక్కువగా ఉన్న మొదటి ఏడాదులలో దాని గురించి ఆలోచించవచ్చు. చిన్న గీతలకు, సొట్టలకు క్లెయిము చేయదలచని వారు స్వచ్ఛంద తగ్గింపు పెద్దదిగా ఎంచుకుంటే ప్రీమియం కొంత తగ్గుతుంది. అయితే దొంగతనం క్లెయిములో కూడా ఆ మేరకు కోత పడుతుంది. యజమాని వ్యక్తిగత ప్రమాద బీమా 15 లక్షల రూపాయలకు ఇప్పటికే మరొక పాలసీలో ఉంటే, ప్రతి బండికీ దానిని మళ్ళీ కొనవలసిన పని లేదు. అద్దం పగిలినదని క్లెయిము పెట్టకండి. క్లెయిము లేని సంవత్సరాలకు బోనసు 20, 25, 35, 45 అంటూ 50 శాతం దాకా పెరుగుతుంది. ఈ బోనసు బండిది కాదు, మీది. బండి అమ్మినా కంపెనీ నుండి ధ్రువపత్రం తీసుకొని కొత్త బండికి వాడుకోవచ్చు.

సెకండ్ హాండ్ బండి కొనేవారి సంగతి వేరుగా చెప్పాలి. మన గ్రామాలలో స్కూటర్లు చేతులు మారినంత వేగంగా కాగితాలు మారవు. చట్టం 157వ సెక్షను ప్రకారం బండితోపాటు థర్డ్ పార్టీ బీమా దానంతట అదే కొత్త యజమానికి బదిలీ అయినట్లు భావిస్తారు. పాలసీలో పేరు మార్పు కోసం పదునాలుగు రోజులలో కంపెనీకి దరఖాస్తు చేయవలెను. స్వంత నష్టపు బీమాకు మాత్రం ఈ భావన వర్తించదని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చినది. పాత యజమాని పేరుతోనే పాలసీ ఉంటే, బండి మీ వాకిట పోయినా ఆ పాలసీ మీకు అక్కరకు రాదు. బండి అమ్మేసినందున పాత యజమానికి అందులో నష్టం లేదు. పాలసీలో పేరు లేనందున మీకు హక్కు లేదు. బండి కొన్న వారంలోనే రిజిస్ట్రేషను, బీమా రెండూ మార్పించుకోండి.

పాలు, కూరగాయలు, సరుకులు స్కూటరు మీద తీసుకువెళ్ళే వారికి ఒక హెచ్చరిక. ప్రైవేటు ద్విచక్ర వాహనపు పాలసీలో నమూనాలు, స్వంత సామాను తప్ప సరుకు రవాణాకు, కిరాయికి వాడరాదని వ్రాసి ఉంటుంది. పాల క్యాన్లతో కేంద్రానికి వెళ్ళే బండి పోయినప్పుడు కంపెనీ ఈ షరతును ఎత్తిచూపవచ్చు. ఇటువంటి తగవు ఒకటి 2008లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళినది. బండిని వాడిన తీరుకూ దొంగతనానికీ సంబంధం లేనప్పుడు క్లెయిమును పూర్తిగా తోసిపుచ్చరాదని, 75 శాతం చెల్లింపు సమంజసమేనని కోర్టు అన్నది. అంటే పాతిక శాతం పోయినట్లే. కావున బండి దేనికి వాడుతారో ముందే చెప్పి పాలసీ తీసుకోవడం మేలు. మరొక చిన్న సంగతి: బండి ఉండి దాని అదనపు ఉపకరణాలు మాత్రమే పోతే ద్విచక్ర వాహన పాలసీ చెల్లించదు. బండితోపాటు పోతేనే వాటికి బీమా.

ఇక తాళం చెవుల మాట. క్లెయిము సమయంలో కంపెనీ రెండు అసలు తాళం చెవులనూ అడుగుతుంది. రెండవది ఎక్కడ ఉన్నదో కొన్న ఏడాదికే మరచిపోయేవారు మనలో కొదువ లేదు. ఇంటి తలుపులకే పగలు తాళం వేయని ఊళ్ళలో, బండికి తాళం చెవి వదలి కిళ్ళీ కొట్టు దాకా వెళ్ళడం వింత కాదు. కాని పాలసీ దృష్టిలో అది అజాగ్రత్త. రెండవ తాళం చెవిని భూమి పాసుపుస్తకంతోపాటు పెట్టెలో ఉంచండి. ఒకటి పోయినా, విరిగినా కంపెనీకి అప్పుడే వ్రాసి తెలుపండి.

బండి పోయిన రోజున చేయవలసిన పని ముందు పోలీసు ఠాణాకు వెళ్ళడం. ఒకటి రెండు రోజులు ఊరంతా వెదికి, తెలిసినవారిని అడిగి, ఆ తరువాత వెళదామనుకోవడమే చాలా క్లెయిములకు చేటు తెస్తుంది. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం నేరం ఏ ఠాణా పరిధిలో జరిగినదన్న దానితో నిమిత్తం లేకుండా ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఎఫ్.ఐ.ఆర్. నకలును మీకు ఉచితంగా ఇవ్వవలెను. ఠాణాలో తీసుకోకపోతే జిల్లా పోలీసు సూపరింటెండెంటుకు వ్రాతపూర్వకంగా పంపవచ్చు. ఆ రోజే బీమా కంపెనీకీ, బ్యాంకు శాఖకూ, రవాణా శాఖ కార్యాలయానికీ తెలుపండి. బండి ఆచూకీ దొరకలేదని పోలీసులు ఇచ్చే తుది నివేదిక వచ్చిన తరువాతనే సాధారణంగా సొమ్ము చేతికి వస్తుంది. అంతవరకు వాయిదాలు ఆగవు. శాఖ మేనేజరుతో ముందుగానే మాట్లాడి, క్లెయిము దరఖాస్తు నకలు ఇచ్చి ఉంచండి.

కంపెనీకి చెప్పడం ఆలస్యమైనదని క్లెయిము త్రోసివేస్తే నిరాశపడకండి. 2010లో ఒక ట్రాక్టరు పోయినది. యజమాని అదే రోజున పోలీసులకు ఫిర్యాదు ఇచ్చినాడు, కంపెనీకి మాత్రం 52 రోజుల తరువాత తెలిపినాడు. కంపెనీ నిరాకరించినది. ఆ వ్యాజ్యంలో 2020 జనవరి 24న సుప్రీంకోర్టు త్రిసభ్య ధర్మాసనం, పోలీసులకు వెంటనే తెలిపి ఉన్నప్పుడు, దొంగతనం నిజమని తేలినప్పుడు, కంపెనీకి తెలుపడంలో ఆలస్యం ఒక్కటే కారణంగా క్లెయిమును త్రోసిపుచ్చరాదని తీర్పు చెప్పినది. పత్రాలు లేవన్న సాకుతో క్లెయిములను నిరాకరించరాదని నియంత్రణ సంస్థ 2024 జూన్‌లో ఆదేశించినది. కంపెనీ జవాబు నచ్చకపోయినా, నెల దాటినా జవాబు రాకపోయినా బీమా అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. తెలుగు రాష్ట్రాలవారికి ఆ కార్యాలయం హైదరాబాదులో ఉన్నది. రుసుము లేదు, వకీలు అవసరం లేదు. కంపెనీ నిరాకరించిన నాటి నుండి ఏడాది లోపు వ్రాయవలెను.

ఇప్పుడు డీలరు మిత్రులకు రెండు మాటలు. 2017 నవంబరు నుండి అమలులో ఉన్న మార్గదర్శకాల ప్రకారం బీమాను మీ వద్దనే తీసుకోవాలని కొనుగోలుదారుని నిర్బంధించరాదు. చాలామంది ఈ నియమాన్ని పాటిస్తున్నారు. నా ఫిర్యాదు దాని గురించి కాదు. బండి అప్పగించేటప్పుడు పూలదండ వేసి ఫోటో తీసేందుకు ఐదు నిమిషాలు దొరుకుతున్నప్పుడు, పాలసీ కాగితం మీద రెండవ తేదీ చుట్టూ ఎర్ర సిరాతో ఒక గీత గీసి, "అన్నా, మీ బండికి బీమా ఈ రోజు వరకే" అని చెప్పడానికి అర నిమిషం చాలు. సర్వీసింగు తేదీలు గుర్తుచేస్తూ సందేశాలు పంపేవారు బీమా తేదీని గుర్తుచేయడం కష్టమేమీ కాదు. ఆ కొనుగోలుదారుని బండి పోయి అప్పులో పడితే, మీ వద్ద రెండవ బండి కొనేవాడు కూడా వాడే కాదా?

బ్యాంకుల బాధ్యత ఇంతకన్న పెద్దది. ఋణం మూడేళ్ళకు ఇచ్చి, ఆ ఋణానికి పూచీగా ఉన్న బండికి ఒక్క ఏడాది రక్షణతో తృప్తిపడడం ఏ లెక్కన చూచినా సరికాదు. మొదటి పాలసీ నకలు ఫైలులో చేరిన తరువాత రెండవ ఏడాది పాలసీ ఏదని అడిగే శాఖలు అరుదు. నా ప్రతిపాదన సులువైనది. రెండవ, మూడవ ఏడాదుల స్వంత నష్టపు ప్రీమియాన్ని అంచనా వేసి నెలవాయిదాలో కలిపి వసూలు చేయండి. పై లెక్క ప్రకారం నెలకు 85 రూపాయలకు మించదు. ఏ కంపెనీ వద్ద తీసుకోవాలన్నది ఋణగ్రహీత ఇష్టానికే వదలండి; అతడు స్వయంగా కట్టి రసీదు తెస్తే ఆ సొమ్ము అతని ఖాతాకే జమచేయండి. ఇది ఋణగ్రహీతపై భారమని అనేవారున్నారు. 2,300 రూపాయల వాయిదాకు 85 కలపడం భారమా, బండి లేకుండా ఇరవైరెండు నెలలు 2,300 కట్టడం భారమా అన్నది వారే చెప్పవలెను.

బీమా కంపెనీలను కోరేది కూడా ఒకటున్నది. సొట్టలు, గీతలు వద్దు, దొంగతనానికీ అగ్నికీ మాత్రమే రక్షణ కావాలనే చిన్న రైతుకు, థర్డ్ పార్టీతో జతచేసి తక్కువ ధరకు అమ్మే పాలసీ గ్రామాలకు చేరవలెను. ఈ ఆలోచన మోటారు బీమాకు కొత్తది కాదు. చిన్న ప్రీమియం కోసం పల్లెకు ఏజెంటు రాడన్నది నిజమే. అందుకే దానిని గ్రామీణ బ్యాంకు శాఖలోను, ప్రాథమిక సహకార సంఘంలోను, పంట ఋణాల కాలంలో పెట్టి అమ్మండి.

ఈ పత్రిక చేతిలో ఉండగానే మీ పాలసీ కాగితం తీసి, స్వంత నష్టపు బీమా ముగిసే తేదీ చూడండి. ఆ తేదీ ఇంకా రాకపోతే గోడ క్యాలెండరు మీద నెల ముందే గుర్తు పెట్టుకోండి. దాటిపోయి ఉంటే, కంపెనీవారు బండిని చూచిన తరువాత కొత్త పాలసీ ఇస్తారు. దాటి తొంబది రోజుల లోపే అయితే మీ బోనసు ఇంకా మీదే. ఆ తరువాత వెళితే మళ్ళీ సున్నా నుండి మొదలుపెట్టవలసి వస్తుంది.